అటక మీద వంటిల్లు, గోడ మీద తాతగారి బొమ్మలు: కుదురుతుందా?

ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను, మధ్యలో చదివేవాళ్ళకి తెలియాలి కదా. పాలకొల్లు దగ్గర తాతల నాటి ధాన్యం గోదాము. కింద అద్దెకిచ్చారు, పైన ఖాళీ. తూర్పు పడమరలుగా 40 అడుగులు, వెడల్పు 22. ఇటుక గోడలు, మంగుళూరు పెంకు, చూరు దగ్గర 9 అడుగుల ఎత్తు, కొప్పు దగ్గర 17. దీన్ని ఫోటోల్లో చూసిన "లాఫ్ట్" తరహాలో అడ్డుగోడలు లేని వంటిల్లు-హాలుగా మార్చి, డ్రాయింగు మాస్టారుగా చేసిన తాతగారి వాటర్‌కలర్లు ఏడు, ఆయన ఆయిల్ పోర్ట్రెయిట్ ఒకటి, పెడన కలంకారీ గుడ్డ, రెండు తోలుబొమ్మలు అక్కడే పెట్టుకోవాలని ప్రశ్న రాసినావిడ కోరిక. పడమటి గోడ ఎత్తైనది కాబట్టి అదే బొమ్మల గోడ అనుకుంటున్నారు. అమ్మగారేమో "చేపల వేపుడు పొగకి నాన్న బొమ్మలు నాశనమైపోతాయే" అంటున్నారు. వడ్రంగి "అద్దం బిగిస్తే ఏమీ అవదమ్మా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా సగం సగం వినండి. బొమ్మలు పెట్టొచ్చండీ. కానీ ఏడు వాటర్‌కలర్లూ ఒకేసారి వద్దు, పొయ్యి ఉన్న సగంలో వద్దు, పడమటి గోడకి ఆనించి అసలే వద్దు. అందరూ ముందు ప్లాట్‌ఫారం ఎక్కడో తేల్చేసుకుని, మిగిలిన గోడల మీద బొమ్మలు సర్దుకుంటారు. మీరు దాన్ని తిరగెయ్యండి. ముందు బొమ్మల గోడ ఏదో తేల్చండి, పొయ్యి తరవాత. పొయ్యిని నాలుగడుగులు అటూ ఇటూ జరుపుకోవచ్చు. మన డెల్టాలో పొడిగా ఉండే గోడని మాత్రం జరిపి తెచ్చుకోలేం.

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం వైపు ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ లోపలి పనులు చేయిస్తున్నాను. అందులో బొమ్మలతో ముడిపడ్డ వంటిళ్ళు తొమ్మిదో పదో ఉంటాయి. రెండు చోట్ల నేనే పాడు చేశాను, ఆ సంగతీ చెప్తాను.

అన్నట్టు, మేస్త్రీతో మాట్లాడేటప్పుడు "లాఫ్ట్" అనకండి. మన వైపు లాఫ్ట్ అంటే వంటింట్లో తల పైన వేసే రెండడుగుల స్లాబు, ఆవకాయ జాడీలూ పెళ్ళి గుండిగలూ పెట్టుకునే అటక. ఒకావిడ ఫోన్‌లో "లాఫ్ట్ కిచెన్ కావాలి" అంటే, నా దగ్గర పనిచేసే కుర్రాడు వెళ్ళి బుద్ధిగా అటకకి తలుపుల కొలతలు తీసుకొచ్చాడు. మీరు ఫోటోల్లో చూసినవి న్యూయార్క్‌లో సోహో అనే పేటలోని పాత ఫ్యాక్టరీ అంతస్తులు. 1960ల్లో అద్దె చౌకని చిత్రకారులు వాటిలో చేరిపోయారు, అక్కడే గీసుకున్నారు, ఆ మూలే వండుకున్నారు. అలా ఉండటానికి నగరం చట్టప్రకారం ఒప్పుకున్నది 1971లో. ఆ గోడల మీది బొమ్మలు అలంకారానికి తెచ్చి పెట్టినవి కావు, ఆ ఇంటివాళ్ళ పని. పైగా అక్కడ చలికాలమంతా హీటర్లు వేసి గది ఎండబెట్టేస్తారు. వాళ్ళ బాధ పొడి, మన బాధ తడి. ఎర్ర ఇటుక గోడకి నేరుగా ఫ్రేము తగిలించిన ఆ ఫోటో చూసి ఇక్కడా అలాగే చేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు.

తడి సంగతి. అమ్మగారు పొగ అంటున్నారు గానీ, నా లెక్కలో పొగది మూడో స్థానం. మొదటిది తడి, రెండోది వెలుతురు. కాగితం మీది బొమ్మలకి మ్యూజియంవాళ్ళు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచాలని చూస్తారు. 65, 70 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు మొదలవుతుంది. మనకి జూలై నుంచి నవంబరు దాకా పొద్దున్నే చూస్తే 80 పైనే. చుట్టూ వరిచేలు, కాలవలు, చేపల చెరువులు. పొడి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైగా గోడ. పాత గోదాములు సున్నంతో కట్టినవి. ఆ గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. మనం వెళ్ళి దాని మీద నున్నగా సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింట్ వేస్తాం. లోపలి తడికి దారి ఉండదు. రాజమండ్రిలో గోదావరి గట్టుకి దగ్గరున్న ఒక పాతింట్లో నేను చేసిన నిర్వాకం ఇదే. గోడ అద్దంలా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. రెండో ఏడు వినాయక చవితి రోజుల్లో ఫోన్ వచ్చింది. వెళ్ళి ఫ్రేము దించాను. వెనక హార్డ్‌బోర్డు అరిసెలా మెత్తగా అయిపోయింది. బొమ్మలో ఆకాశం ఉన్నచోట పప్పుగింజంత గోధుమరంగు మచ్చలు, మధ్యలో ఒకటి ముదురుగా, చుట్టూ వలయాలు. అద్దానికి అతుక్కుపోయిన మూల తీస్తుంటే రంగు కూడా ఊడి అద్దంతోనే వచ్చింది. ముందువైపు నుంచి చూస్తే ఏమీ తెలియలేదు ఆఖరి నెలదాకా. వడ్రంగి చెప్పిన "అద్దం బిగిస్తే చాలు" అనే మాట అందుకే సగం నిజం. అద్దం పొగని ఆపుతుంది, తడిని లోపలే బంధిస్తుంది.

మీకు ఇంకో తలనొప్పి ఉంది, ఉప్పు. మీ వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కలిపిన సిమెంటు ఏళ్ళ తరబడి తెల్లగా ఉప్పు కక్కుతూనే ఉంటుంది. పని మొదలెట్టినప్పుడు గోడ పనికి ట్యాంకరు మంచినీళ్ళు తెప్పించండి. ఖర్చంటారు మేస్త్రీలు, వినకండి.

గోడ సంగతి తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. రెండడుగుల చదరం పాలిథిన్ షీటు తీసుకుని, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో గోడకి అంటించండి. రెండు రోజులు వదిలెయ్యండి. గోడ వైపు చెమట పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలో తేమే, గోడ తప్పు కాదు. నాలుగు గోడలకీ, ఒక్కో గోడకి రెండేసి చోట్ల చేసి చూడండి.

చూడకుండానే మీ పడమటి గోడ వద్దని ఎందుకన్నానంటే, నైరుతి వానలు కొట్టేది దాన్ని, ఎండాకాలం మధ్యాహ్నమంతా కాలేదీ అదే. పగలు కాలి, రాత్రి చల్లబడి, మధ్యలో తడిసే గోడ మీద కాగితం బతకదు. ఉత్తరం గోడకి ఎండ తక్కువే గానీ అక్టోబరు, నవంబరు తుఫాను జల్లు ఈశాన్యం నుంచి దానికే తగులుతుంది. మీరు పంపిన కొలతల్లో మెట్ల పక్కన 12 అడుగుల పొడవు అడ్డగోడ ఒకటి ఉందని రాశారు, ఏదో మామూలుగా రాసేశారు. నాకు మాత్రం అదే బంగారం. రెండు వైపులా ఇంటి లోపలే ఉన్న గోడ అదొక్కటే. వాటర్‌కలర్లకి అది.

పడమటి గోడ మీద కూడా ఏదో ఒకటి కనపడాల్సిందే అంటే, గోడ ముందు గోడ కట్టండి. ఇనుప చానెళ్ళ చట్రం నిలబెట్టి, దాని మీద సిమెంటు ఫైబరు బోర్డు బిగించి, అసలు గోడకీ దీనికీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలాలి. కిందా పైనా ఒక్కో అంగుళం సందు వదిలేస్తే గాలి ఆడుతుంది. జిప్సం బోర్డు వద్దు, ఎమ్‌డీఎఫ్ అసలే వద్దు, ఉబ్బిపోతాయి. తాతగారి ఆయిల్ పోర్ట్రెయిట్ అక్కడ పెట్టుకోవచ్చు. హాల్లోకి అడుగుపెట్టగానే ఆయనే కనపడతారు.

ఇక పొయ్యి, గాలి. అమ్మగారికి వాస్తు పట్టింపు ఉంటే పొయ్యి ఆగ్నేయంలోనే పెడతారు, పెట్టుకోండి. ఒక్క చిక్కుంది. మన తీరం ఏటవాలుగా ఉంటుంది, సముద్రం మనకి ఆగ్నేయాన. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక చల్లగాలి ఆ మూల నుంచే తోస్తుంది. పొయ్యి వెనక కిటికీ తీసి తాలింపు పెట్టారంటే, ఆ పొగంతా బయటికి పోవడం మాట అటుంచి, 40 అడుగులూ ప్రయాణం చేసి వాయవ్య మూలలో కూర్చుంటుంది. గోడలున్న వంటింట్లో ఈ సంగతి తెలియదు, గోడలు తీసేశాకే తెలుస్తుంది. అందుకని పొయ్యి వెనక కిటికీకి కదలని అద్దం వేసి, తెరుచుకునే కిటికీ పొయ్యికి ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టండి.

చిమ్నీ గొట్టం దక్షిణం గోడలోంచి బయటికి తీస్తే ఎదురుగాలి పొగని వెనక్కి నెడుతుంది. తూర్పు గోడ పైభాగంలోంచి తీసి, చివర గాలికి మూసుకునే రెక్క బిగించండి. గొట్టం 6 అంగుళాలది, పొడవు పది అడుగులు దాటకుండా, వంపులు రెండుకి మించకుండా. గొట్టం లేకుండా ఫిల్టర్‌లో తిప్పి గదిలోకే వదిలే చిమ్నీలు మన వంటకి పనికిరావు. చిమ్నీ పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల ఎత్తులో ఉండాలి. షాపులో గంటకి 1200, 1400 క్యూబిక్ మీటర్లంటారు. మీ గదిలో గాలి మొత్తం 320 క్యూబిక్ మీటర్ల పైచిలుకు, పావుగంటలో అంతా లాగేస్తుందిలే అనుకోకండి. చిమ్నీ నోటికి అందకుండా తప్పించుకున్న పొగ కొప్పులోకి వెళ్ళిపోతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ కిందికి దిగి చిమ్నీలోకి రాదు. రాత్రి చల్లారాక జిడ్డుగా గోడల మీదికి, ఫ్రేముల పై అంచు మీదికి దిగుతుంది. కాబట్టి చిమ్నీ పొయ్యి కన్నా వెడల్పుగా ఉండాలి, తాలింపుకి రెండు నిమిషాల ముందే వెయ్యాలి, దించాక పది నిమిషాలు ఉంచాలి. కొప్పులో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి విడిగా.

అయినా చేపల వేపుడు, ఆవకాయ రోజుల్లో నూనె కాచడం, అరిసెల పాకం, ఇవి ఓపెన్ కిచెన్‌లో వద్దు. అమ్మగారి మాట ఇక్కడ పూర్తిగా వినండి. తూర్పు వైపు బయట ఐదడుగుల వరండా వేసుకుని అందులో రెండో పొయ్యి, చిన్న సింకు. దాన్ని వెట్ కిచెన్ అంటున్నారు ఇప్పుడు, మనవాళ్ళు పెరటి పొయ్యి అనేవారు. పులస తెచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఎలాగూ అక్కడే నిలబడతారు.

పొయ్యికీ కాగితం మీది బొమ్మకీ నేను కనీసం 15 అడుగులు వదులుతాను. కాకినాడలో ఒక ఇంట్లో ఐదడుగుల్లో కలంకారీ గుడ్డ పెట్టాం, వాళ్ళు ముచ్చటపడితే నేనూ సరే అన్నాను. ఇది నా రెండో తప్పు. ఏడాదిన్నరకి దగ్గరికెళ్తే ఇంగువ వాసన. వేలు పెడితే అతుక్కుంటోంది. ఉతికితే రంగు ఎక్కడ వెలుస్తుందోనని భయం, ఉతక్కపోతే దుమ్ము పట్టి నల్లబడుతుంది.

వెలుతురు. పెంకుల మధ్య అద్దపు పెంకులు నాలుగైదు వేయిస్తారు కదా, అందంగా ఉంటుంది, వేయించండి. కానీ ఎండ మరక ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి. సుద్దముక్క పట్టుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ఎండ పడ్డచోట గీతలు గియ్యండి. సంక్రాంతికి గీసిన గీతలు వేసవికి పనికిరావు. మన దగ్గర సూర్యుడు మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో నడినెత్తి మీదికి వస్తాడు, మధ్యలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. సంక్రాంతికేమో దక్షిణంగా వాలి ఉంటాడు, మరక ఉత్తరం గోడ మీదికి పాకుతుంది. ఏడాదంతా ఆగలేరు కాబట్టి ఒక పని చెయ్యండి, అద్దపు పెంకులు వంటింటి సగంలోనే వేయించండి. బొమ్మలవైపు ఉన్న కిటికీలకి నరసాపురం లేసు పరదాలు కట్టండి. మీకు పక్క ఊరే, జిడ్డు పడితే ఉతుక్కోవచ్చు, ఎండని మెత్తబరుస్తుంది.

దీపాల సంగతి పెద్దగా ఏం లేదు. ఎల్‌ఈడీ, 3000 కెల్విన్ (కాస్త పసుపు చాయ వెలుగు), రంగులు సరిగ్గా చూపించే కొలత 90 పైన ఉన్నది అడగండి. నిట్టనిలువుకి 30 డిగ్రీల వాలులో పడేట్టు బిగిస్తే అద్దంలో మెరుపు కొట్టదు. వాటర్‌కలర్ మీద 50 లక్స్ (వెలుతురు కొలత) చాలు, ఆయిల్ బొమ్మ 200 దాకా తట్టుకుంటుంది. వంటగట్టు మీద మీకు ఎలాగూ 500 కావాలి, కాబట్టి స్విచ్చులు వేరువేరుగా ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్‌కి మొదటిరోజే చెప్పండి, సున్నాలు పడ్డాక చెబితే గోడలు మళ్ళీ కొడతాడు.

ఇప్పుడు ఒక్కొక్కటీ.

వాటర్‌కలర్లు రెండేసి చొప్పున పెట్టండి, మూడు నాలుగు నెలలకోసారి మార్చండి. మిగతావి ఆమ్లం లేని కాగితం మధ్య బల్లపరుపుగా, ఏసీ గదిలో. ఫ్రేములో బొమ్మకీ అద్దానికీ మధ్య సందు ఉండాలి, చుట్టూ వేసే మౌంట్ కూడా ఆమ్లం లేనిదే కావాలి. వెనక హార్డ్‌బోర్డు బదులు గొట్టాల ప్లాస్టిక్ షీటు. ఫ్రేము వెనక నాలుగు మూలలా అరంగుళం రబ్బరు బిళ్ళలు, గోడకి తగలకుండా. పురుగులొస్తాయని ఫ్రేములో కలరా ఉండలు వేసేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి. బొమ్మకి దానితో మంచి జరగదు, వంటింట్లో ఆ వాసన అసలే కూడదు. ఏడింటినీ ముందుగా మంచిచోట స్కాన్ చేయించి పెట్టుకోండి.

ఎత్తు: నిలబడి చూసేచోట బొమ్మ నడిమధ్య నేలకి 58 అంగుళాలు. భోజనాల బల్ల ఎదురుగా ఉన్నవి ఇంకో తొమ్మిది పదంగుళాలు దించండి, కూర్చున్నవాళ్ళ కళ్ళు 48 అంగుళాల దగ్గరుంటాయి. 17 అడుగుల గోడ ఉంది కదా అని పైపైకి తగిలించేస్తారు, చిన్న వాటర్‌కలర్ పైన తపాలాబిళ్ళలా కనపడుతుంది. నమ్మకపోతే రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్ళిరండి. 1925లో, ఇరవయ్యెనిమిదేళ్ళు నిండకుండానే పోయిన మనిషి. ఆయన బొమ్మల ముందు మీ కాళ్ళు మిమ్మల్ని ఎంత దూరంలో ఆపుతాయో చూసుకోండి. నాలుగడుగులు, ఐదు. మీ మెట్ల పక్క గోడ ముందు అంత నడవా వదలాలి, సోఫా పెట్టేస్తే ఎవరూ దగ్గరికి రాలేరు.

తోలుబొమ్మలు వంటింటికి దూరంగా, కిటికీకీ దూరంగా. తోలు తేమకి మెలితిరుగుతుంది, ఎలుకలకి మహా ఇష్టం. కింద గోదాములో ఏం నిల్వ పెడుతున్నారో మీరు రాయలేదు. ధాన్యమో మేతో అయితే ఎలుకలు పైకి రాకుండా పోవు. రెండు అద్దాల మధ్య, గాలి ఆడే సందుతో పెట్టి వెనక నుంచి సన్నటి పసుపు దీపం. తెర మీద ఆడించినప్పుడు చూసే రంగులు అప్పుడే వస్తాయి. గోడకి చదునుగా కొడితే చచ్చిన తోలు.

మరి పొయ్యి వైపు బోడిగా ఉంటుందా అంటే, అక్కడ కడుక్కోగలిగినవి పెట్టండి. అటక మీది ఆవకాయ జాడీలు దించి, గోధుమరంగువి, తెల్లవి, ఐదారు పొడుగాటి చెక్కమీద వరసగా పెట్టి చూడండి. ఇత్తడి బిందె, గంగాళం. ఏటికొప్పాక బొమ్మలు మాత్రం పొయ్యికి దగ్గరగా వద్దు, లక్క వేడికి మెత్తబడుతుంది.

బరువు. ఇది మీరు అడగలేదు గానీ అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. పై అంతస్తు నేల టేకు దూలాల మీద ఉందా, తర్వాత వేసిన స్లాబా? రెండు సెంటీమీటర్ల గ్రానైటు చదరపు మీటరుకి 54 కిలోలు. నీళ్ళ ట్యాంకు 500 లీటర్లంటే అర టన్ను. ధాన్యం బస్తాలు మోసిన నేలే కదా అంటారు, కింది నేల మోసింది, పైది కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత దూలాల చివర్లు, గోడలో దిగినచోట, చూపించండి. చెద పట్టేది అక్కడే. నడిమధ్య గ్రానైటు దిమ్మె లాంటి ఐలాండ్ వద్దు, చెక్క బల్ల చాలు. గ్యాస్ సిలిండరు వరండాలో, దాని దగ్గర గోడకి నేలమట్టంలో జాలీ. గ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. నీళ్ళ గొట్టాలు మెట్ల అడ్డగోడలోంచి మాత్రం పోనివ్వకండి. ప్లంబరు దగ్గరిదారని అటే తీస్తాడు.

పాలిథిన్ షీటు ఇప్పుడు వద్దు, ఈ ఎండల్లో అన్ని గోడలూ మంచివే. రెండు మూడు గట్టి వానలు పడ్డాక అంటించి, ఏ గోడకి ఏ వైపు చెమట పట్టిందో ఇక్కడే రాయండి. దూలాలు ఏ దిక్కుగా పరిచారో, కింద అద్దెకున్నవాళ్ళు ఏం నిల్వ పెడుతున్నారో కూడా. పడమటి గోడ ముందు రెండంగుళాల ఖాళీ సరిపోతుందో నాలుగు కావాలో అప్పుడు చెప్తాను.